చిత్రాలు లేని చిత్రశాలలో ధ్వని

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో 2015 ఫిబ్రవరి 15వ తేదీన జనం పది డాలర్లు పెట్టి టిక్కెట్టు కొని, ఒక్క చిత్రమైనా లేని చిత్రశాలను చూడ వెళ్ళినారు. బ్రాడ్ మ్యూజియం కట్టడం అప్పటికి పూర్తికాలేదు. ఆ ఒక్కరోజు మాత్రం దాని మూడవ అంతస్తును ఖాళీగానే ప్రజలకు చూపినారు. అక్కడ చూడవలసినది, పైకప్పులోని 318 గవాక్షాల గుండా దిగివచ్చే పగటి వెలుగు. వినవలసినవి బి.జె. నిల్సెన్, యాన్ నోవాక్ అనే ఇద్దరు కళాకారులు అమర్చిన ధ్వనులు.

ఖాళీ గదిలో ధ్వనికి ఒక విచిత్రమైన బలం వస్తుంది. గృహప్రవేశానికి ముందు కొత్త ఇంట్లో మాట్లాడితే గొంతు ఖంగుమంటుంది. పరుపులు, బట్టలు, బస్తాలు చేరిన పిమ్మట అదే ఇంట్లో ఆ మోత వినపడదు. ఇది అందరికీ తెలిసినదే. కాని దీనిని కొలిచి లెక్క కట్టినవాడు వాలెస్ సాబిన్. ఆ పని మొదలైనది కూడ ఒక చిత్రకళాశాలలోనే!

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళాప్రదర్శనశాలను 1895లో తెరచినారు. అందులోని ఉపన్యాస మందిరంలో మాట్లాడేవారి మాట ఎవరికీ బోధపడలేదు. పలికిన ఒక మాట సుమారు అయిదున్నర సెకండ్లు గదిలోనే తిరుగాడుతూ తరువాతి మాటలతో కలిసిపోయేది. దీనికి మందు కనిపెట్టమని అధ్యక్షుడు ఎలియట్ పురమాయించినది, 27 ఏండ్ల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడైన సాబిన్‌ను.

సాబిన్ పరికరాలు చాలా తక్కువ: ఒక ఆర్గాన్ గొట్టం, ఒక గడియారం, తన చెవి. పగటి రొద అణగిన అర్ధరాత్రి దాటాక పని మొదలుపెట్టేవాడు. దగ్గరనున్న శాండర్స్ నాటకశాల నుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా మందిరంలో పరుస్తూ, గొట్టం ఊదటం ఆపిన తరువాత ధ్వని ఎంతసేపు వినవచ్చునో కొలిచేవాడు. మెత్తలు పెరిగినకొద్దీ ఆ కాలం తగ్గినది. తెల్లవారేసరికి మెత్తలన్నీ మళ్ళీ నాటకశాలకు చేర్చవలసిందే! ఈ కూలిపని వంటి ఓపికలో నుండే ఒక శాస్త్రశాఖ పుట్టినది. చివరకు గోడలకు ఫెల్టు తాపించి ఆ మందిరాన్ని పనికివచ్చేటట్లు చేసినారు.

ధ్వని తీవ్రత పదిలక్షలలో ఒక వంతుకు పడిపోవుటకు పట్టే వ్యవధిని ప్రతినాద కాలం అంటారు. మీటర్లలో లెక్కించినప్పుడు

ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణం

అని సాబిన్ సూత్రం. తెరచిన కిటికీలో పడిన ధ్వని తిరిగి రాదు గనుక, శోషణాన్ని అన్ని చదరపు మీటర్ల తెరచిన కిటికీకి సమానమని చెబుతారు. 1900లో తెరచిన బోస్టన్ సింఫనీ హాలును ఈ లెక్క ననుసరించే కట్టినారు.

విద్యార్థులు ఈ సూత్రాన్ని బ్రాడ్ అంతస్తుకు వర్తింపజేసి చూడవచ్చును. దాని నేల 35,000 చదరపు అడుగులు, ఎత్తు 23 అడుగులు, మధ్య ఒక్క స్తంభమైనా లేదు. ఘనపరిమాణం సుమారు 22,800 ఘనపు మీటర్లు. శోషణం 1,000 చదరపు మీటర్ల కిటికీకి సమానమని ఊరకే అనుకొంటే, ప్రతినాద కాలం దాదాపు 3.7 సెకండ్లు వస్తుంది. శోషణం సగమైతే కాలం రెట్టింపవుతుంది. ఉపన్యాసకునికి ఇది శాపం. మెల్లగా సాగే నాదాలతో పనిచేసే కళాకారునికి మాత్రం ఇదే వాద్యం. ఒకరు రోగమని కుదిర్చినదానిని మరొకరు సరుకుగా వాడుకొనటంలో తప్పేమీ లేదు.

అయితే ఆ వాద్యం స్థిరమైనది కాదు. టిక్కెట్టు కొన్న ప్రతి మనిషీ, వేసుకొన్న బట్టలతో సహా, కొంత ధ్వనిని శోషిస్తాడు. ఉదయం తొలి పదిమంది విన్న గదీ, జనం నిండిన తరువాతి గదీ ఒకటి కావు. 2015 సెప్టెంబరు 20న మ్యూజియం తెరచేనాటికి ఆ అంతస్తులో అడ్డుగోడలు లేచినవి, చిత్రాలు ఎక్కినవి. సాబిన్ మెత్తలు మోసిన పాత ఫాగ్ కట్టడాన్ని 1973లో పడగొట్టినారు.