పచ్చ సైకిలూ, పాత అస్థిపంజరమూ

సాధారణంగా నవల ముందు వస్తుంది, సినిమా తరువాత వస్తుంది. హైఫా అల్-మన్సూర్ విషయంలో ఈ వరుస తిరగబడింది. ఆమె రాసి దర్శకత్వం వహించిన ‘వజ్దా’ 2012లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది. అదే కథను పిల్లల కోసం ‘ది గ్రీన్ బైసికిల్’ పేరిట ఆంగ్లంలో నవలగా ఆమె 2015లో వెలువరించారు. రెంటిలో ఏది ముందు చేతికందినా ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది. ఈ కథ అస్థిపంజరం చాలా పాతది. రియాద్‌లో ఒక పిల్లకు సైకిలు కావాలి. వెల 800 రియాళ్ళు. అంత డబ్బు లేదు; ఉన్నా ఆడపిల్ల సైకిలు తొక్కడం ఆ ఊళ్ళో తప్పు. ఇంతలో బడిలో ఖురాన్ పఠన పోటీ పెడతారు. బహుమతి 1000 రియాళ్ళు. కోరిక, అడ్డంకి, గడువు, పోటీ: స్క్రీన్‌ప్లే రాయడం నేర్పే ఏ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయాల్లో కనిపించే సరంజామా ఇదే.

పూర్తిగా సౌదీ అరేబియా గడ్డ మీదే చిత్రీకరించిన మొదటి కథాచిత్రం ‘వజ్దా’. ఒక సౌదీ మహిళ తీసిన మొదటి కథాచిత్రం కూడా అదే. అంతకు ముందు ఎవరూ నడవని దారిలో వెళ్తున్న మనిషి, ఇంత నలిగిన బాట పట్టడమెందుకు?

సూత్రాల చరిత్ర నిజానికి మరీ పాతదేం కాదు. సిడ్ ఫీల్డ్ ‘స్క్రీన్‌ప్లే’ 1979లో వచ్చి, కథను మూడంకాలుగా కోసి, మలుపు ఏ పేజీ దరిదాపుల్లో పడాలో చెప్పింది. జోసెఫ్ కాంబెల్ 1949లో పురాణగాథల మీద రాసిన పెద్ద గ్రంథాన్ని క్రిస్టఫర్ వోగ్లర్ 1980లలో కొద్ది పేజీల ఆఫీసు నోటుగా కుదించి హాలీవుడ్‌లో పంచాడు. 2005లో బ్లేక్ స్నైడర్ ‘సేవ్ ద క్యాట్’ పుస్తకంలో సినిమా మొత్తాన్నీ పదిహేను అడుగులుగా లెక్కగట్టాడు. వీటిలో కాంబెల్‌ది మాత్రమే పాండిత్యం. మిగిలినవి వాడుక పుస్తకాలు. అలాగని తీసిపారేయనక్కరలేదు. వంటల పుస్తకాన్ని కావ్యం కాదని ఎవరూ నిందించరు.

అయితే సూత్రం పుస్తకంలో పుట్టదు, హాల్లో పుడుతుంది. తెలుగు సినిమాలో ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ అనే మాట ఎక్కడినుంచి వచ్చింది? హాల్లో విశ్రాంతి ఉండడం నుంచి, టీ తాగడానికి బయటకు వెళ్ళినవాడు తిరిగి వచ్చి కూర్చోవాలన్న అవసరం నుంచి. టికెట్టు కొన్నవాడి అలవాటూ, పంపిణీదారు భయమూ కలిస్తే ఫార్ములా. సౌదీలో ఆ హాలే లేదు. 1960, 70 దశకాల్లో జెద్దా వంటి నగరాల్లో ఇళ్ళ ఆవరణల్లో తెరలు కట్టి సినిమాలు వేసేవారు. ధహ్రాన్‌లో ఆరామ్‌కో ఉద్యోగుల కాలనీల్లోనూ ప్రదర్శనలుండేవి. 1979లో మక్కాలోని పెద్ద మసీదును సాయుధులు ఆక్రమించిన ఉదంతం తరువాత మతాచారం బిగుసుకుంది. 1980ల మొదటికల్లా బహిరంగ ప్రదర్శనలు మూతబడ్డాయి. మిగిలింది వీడియో క్యాసెట్టు, ఆ పైన డిష్ యాంటెన్నా. హైఫా బాల్యం అలాంటి ఇంట్లోనే గడిచింది. తండ్రి అబ్దుల్ రహ్మాన్ మన్సూర్ కవి. పిల్లలకు సినిమాలు వీడియోలో చూపించేవాడు. ఆమె చదువు కైరోలో తులనాత్మక సాహిత్యం, ఆపైన సిడ్నీలో సినిమా.

ఈ శూన్యం మధ్యలో కొన్ని ప్రయత్నాలు జరగకపోలేదు. రోతానా సంస్థ 2006లో తీసిన ‘కైఫ్ అల్-హాల్’ సౌదీ కథే, చిత్రీకరణ మాత్రం దుబాయ్‌లో. 2008 చివర ‘మనాహీ’ అనే హాస్యచిత్రాన్ని జెద్దా, తాయిఫ్ నగరాల్లో బహిరంగంగా ప్రదర్శించగలిగారు. ఆ కిటికీ కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది: జెద్దా చిత్రోత్సవం 2009లో రద్దయింది.

అందుచేత హైఫా ఎదుట, కాదని తిరగబడడానికి సౌదీ ఫార్ములా అంటూ ఏదీ లేదు. ఆమెకు సూత్రం బయటినుంచి వచ్చింది. జోర్డాన్ రాయల్ ఫిల్మ్ కమిషన్, అమెరికాకు చెందిన సన్‌డాన్స్ సంస్థతో కలిసి నడిపే రచయితల శిబిరంలో ‘వజ్దా’ స్క్రిప్టు మెరుగులు దిద్దుకుంది. నిర్మాతలుగా బెర్లిన్‌కు చెందిన రేజర్ ఫిల్మ్ వారు ముందుకొచ్చారు. ఈ దశలన్నిటిలోనూ స్క్రిప్టు చదివేవారు రియాద్ ఎరగనివారు. వారికి అర్థమయ్యే భాష ఒకటి కావాలి, అది సూత్రమే. సొంత గొంతు కోసం సూత్రాన్ని వదిలెయ్యమని ఉపన్యసించేవారు సాధారణంగా ఈ సంగతి మరిచిపోతారు. మద్రాసులోనో హైదరాబాదులోనో కూర్చున్న రచయితకు ఫార్ములా ఒక సంకెల కావచ్చు. పెట్టుబడి కోసం దేశాలు తిరిగే రచయితకు అది పాస్‌పోర్టు.

హైఫా స్వయంగా చెప్పిన ప్రకారం తొలి ప్రతి ఇంతకన్నా చాలా చీకటిగా ఉండేది. నినాదంగా అరిచే సినిమా వద్దనుకుని, జనం కాస్త నవ్వి, కాస్త ఏడ్చే కథగా మార్చుకున్నారు. దీన్ని రాజీ అనేవారూ ఉంటారు. కాని ఆ చీకటి ప్రతిలో వినిపించేది ఆమె గొంతేనా అన్నది అడగవలసిన ప్రశ్న. సౌదీ స్త్రీ గురించి బయటి ప్రపంచం అప్పటికే కంఠస్థం చేసిన కథ ఒకటుంది: నల్ల ముసుగు, కన్నీళ్ళు, మౌనం. అది కూడా ఒక ఫార్ములాయే. దాన్ని నేర్పే పుస్తకం లేదు గనుక ఎవరూ గుర్తించరు, అంతే. ఆ ఫార్ములా నుంచి తప్పించుకోవడానికి ఆమె మరింత అమాయకమైన ఫార్ములాను ఎంచుకున్నారు. పిల్ల, సైకిలు, పందెం.

ఎక్కడ పాటించారో చూశాం. ఎక్కడ విరిచారో చూడాలి. (ముగింపు ముందే తెలియడం ఇష్టం లేనివారు ఈ పేరా దాటవచ్చు.) వజ్దా పోటీలో గెలుస్తుంది. సూత్రం ప్రకారం కథ అక్కడితో సరి. కాని ప్రధానోపాధ్యాయిని డబ్బేం చేస్తావని అడిగితే, పిల్ల దాచుకోకుండా సైకిలు కొంటానంటుంది. సొమ్ము ఆమె చేతికి రాదు, పాలస్తీనాకు విరాళంగా పోతుంది. నాయిక తన ప్రతిభతో సాధించినదంతా ఒక్క వాక్యంతో చెల్లిపోతుంది. చివరకు సైకిలు తెచ్చేది తల్లి. భర్తను నిలుపుకోవడానికి ఎర్ర గౌను కొనుక్కోవాలనుకున్న డబ్బుతో, ఆ భర్త రెండో పెళ్ళి సందడి వినిపిస్తుండగా, మేడ మీద. అంతవరకు సైకిలు వద్దన్నది ఈ తల్లే. సూత్రం నాయిక మీద కళ్ళు పెట్టి ఉండగా, మారిన మనిషి పక్కన నిలబడి ఉంది. అలాగే తండ్రి ఇంటి వంశవృక్షంలో అన్నీ మగపేర్లే చూసి వజ్దా తన పేరు కాగితం మీద రాసి అంటిస్తుంది. తరువాత చూస్తే ఆ కాగితం ఉండదు. ఏ శిబిరమూ ఇటువంటి దృశ్యాన్ని నేర్పలేదు. రియాద్‌లోని కొన్ని పేటల్లో మగవారి మధ్య కనబడకుండా వ్యానులో కూర్చుని, వాకీటాకీలో నటులకు సూచనలిచ్చిన మనిషికి మాత్రమే తెలిసే కొలతలు ఇవి.

సూత్రానికి చెల్లించిన మూల్యమూ ఉంది. తెలుగు పాఠకుడికి అది త్వరగా కంటబడుతుంది. తల్లిని ఉద్యోగానికి తీసుకెళ్ళే డ్రైవరు ఇక్బాల్ వలస కూలీ. విసుగుతో అరుస్తాడు, పని మానేస్తానంటాడు. వజ్దా, ఆమె స్నేహితుడు అబ్దుల్లా వాడి గదికి వెళ్ళి, దేశం నుంచి పంపించేస్తామని బెదిరించి దారికి తెస్తారు. హాల్లో నవ్వుతారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇలాంటి ఉద్యోగాలకే వెళ్ళినవారి ఇళ్ళల్లో ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. ఒక కోరికే కథను నడపాలన్న నియమం ఒకరి కోరికకు మిగిలినవారిని అడ్డంకిగానో సాయంగానో మారుస్తుంది. ఆ వైపు నుంచి కథ చెప్పిన రచన మలయాళంలో ఉంది: బెన్యామిన్ 2008 నాటి ‘ఆడుజీవితం’, సౌదీ ఎడారిలో మేకల మంద దగ్గర చిక్కుకున్న మనిషి కథ. తెలుగులో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) వంటి ప్రయత్నాలు ఉన్నా, మలయాళ నవలకు దీటైనది ఇంకా రావలసే ఉంది.

2018 ఏప్రిల్ 18న రియాద్‌లో హాలు మళ్ళీ తెరుచుకుంది. మొదటి బొమ్మ ‘బ్లాక్ పాంథర్’: పోయిన సింహాసనాన్ని తిరిగి గెలుచుకునే యువరాజు. వోగ్లర్ చూస్తే మురిసిపోయేవాడు. హాలు వచ్చాక సౌదీకి సొంత ఫార్ములా రావడం ఎంతో దూరంలో లేదు. 2022 చివర విడుదలైన కుస్తీ హాస్యచిత్రం ‘సత్తార్’ అప్పటికి వచ్చిన సౌదీ చిత్రాలన్నిటినీ వసూళ్ళలో మించిపోయింది. ఇక రచయిత ఎదుట ఉన్నది విదేశీ సలహాదారు కాదు, శుక్రవారం సాయంత్రం టికెట్టు కొనే పొరుగింటివాడు. మరో వైపు తౌఫీక్ అల్-జైదీ ‘నోరా’ 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక ప్రస్తావన పొందింది. ఉత్సవాలకూ తమ ఫార్ములా ఉంది, అది నెమ్మదిగా నడుస్తుంది.

ఈ రెంటి మధ్య నిలిచినది అలీ కల్‌సమీ ‘మందూబ్’ (2023). కాల్ సెంటర్ ఉద్యోగం పోగొట్టుకున్న ఫహద్ అనే సౌదీ యువకుడు రాత్రుళ్ళు యాప్ కోసం సరుకులు చేరవేస్తూ, దొంగసారా వ్యాపారం దాకా దిగజారతాడు. నేరకథ చట్రం చెక్కు చెదరకుండా ఉంది. కాని స్టీరింగు వెనక కూర్చుని, ఎవరి ఇంటి గుమ్మం ముందో ఫోను చూసుకుంటూ నిరీక్షించేవాడు ఈసారి ఇక్బాల్ కాడు, ఆ దేశపు బిడ్డ. ‘వజ్దా’లో ముందు సీట్లో కూర్చుని అరిచినవాడి వీపును మాత్రమే చూసిన ప్రేక్షకులకు, పదకొండేళ్ళ తరువాత ఆ సీటు నుంచి రియాద్ వీధులు ఎలా కనబడతాయో తెలిసింది. ఇక్బాల్ గదిలోకి మాత్రం కెమెరా ఇంకా తిరిగి వెళ్ళలేదు.