నాటి గచ్చు, నేటి కాంక్రీటు: మన మసీదు కట్టడాల కథ



ఏటా సావనీరు పని మొదలు కాగానే, ఈసారి ఏ విషయం మీద రాయాలా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడటం మాకు అలవాటు. ఈ ఏడాది ఆ ఇబ్బంది రాలేదు. ఎందుకంటే సంవత్సరం పొడవునా మన మీటింగుల్లో నలిగిన విషయం ఒక్కటే. పాత మసీదును పడగొట్టి కొత్తగా కట్టుకోవడమా? లేక పాతదాన్ని నిలబెట్టుకుని, దాని పక్కనే కొత్తది జతచేసుకోవడమా? పెద్దలు "మా తాతముత్తాతలు సజ్దా చేసిన చోటు, గోడ మీద గునపం ఎలా వెయ్యనిస్తాం?" అన్నారు. కుర్రవాళ్ళు "జుమా నాడు చోటు చాలక రోడ్డు మీద ఎండలో నిలబడుతున్నది మేము కదా!" అన్నారు. రెండు మాటలూ నిజమే. ఒకరి మాట నెగ్గితే మరొకరి మనసు నొచ్చుకుంటుంది.

కాబట్టి ఒకసారి వెనక్కి తిరిగి చరిత్ర చూస్తే మంచిదనుకున్నాం. మన పూర్వులు కట్టేటప్పుడు ఏది సంప్రదాయం అనుకున్నారు? ఏది అవసరాన్నిబట్టి మార్చుకున్నారు? ఈ వ్యాసం అందుకోసమే.

రాజమండ్రి శాసనం

మన గోదావరి సీమలో ఈ కథ చెప్పాలంటే రాజమండ్రి జామీ మసీదు దగ్గరే మొదలుపెట్టాలి. దాని గురించి కథలు చాలానే వినిపిస్తాయి. వాటిని పక్కనపెట్టి శాసనాన్ని చూద్దాం. ద్వారం పైన ఉన్న పారశీక శాసనం ప్రకారం హిజ్రీ 724 రంజాన్ మాసంలో, అంటే క్రీ.శ. 1324లో, సాలార్ ఉల్వీ అనే అధికారి దీన్ని కట్టించాడు. అప్పుడు ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ సుల్తాను. ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించి ఏడాది అయింది. ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. అప్పటికి హైదరాబాదు నగరం లేదు, చార్మినారుకు ఇంకా 267 ఏళ్ళ వ్యవధి ఉంది. మన ప్రాంతంలో ముస్లిముల కట్టడాలకు ఉన్న వయసు ఇంత అన్నమాట. 2024తో ఆ శాసనానికి ఏడు వందల ఏళ్ళు నిండాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కట్టించింది ఢిల్లీ అధికారి అయినా, నేల గోదావరి నేల. ఇక్కడి వానకూ ఎండకూ తట్టుకోవలసింది ఇక్కడే. ఎక్కడి నుంచో వచ్చిన ఆలోచనను మన మట్టిలో నిలబెట్టడం ఎలా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎదురైంది, ఈ రోజున మనకూ ఎదురవుతున్నది.

మొదటి మసీదుకు గుమ్మటం లేదు

"గుమ్మటం లేకపోతే అది మసీదేమిటి?" అని మన మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. ఆయన బాధను మేము గౌరవిస్తాం. కాని చరిత్ర ఏమంటుంది?

హిజ్రత్ తర్వాత, 622లో మదీనాలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఇటుకలు మోసి కట్టిన మసీదుకు గుమ్మటమూ లేదు, మినారూ లేదు. గోడలు పచ్చి ఇటుకవి. స్తంభాలు ఖర్జూరపు మొద్దులు. పైకప్పు ఖర్జూరపు ఆకులు, పైన కాస్త మట్టి. వాన వస్తే కారేది. మన లంక గ్రామాల్లో తాటాకు పాక వేసుకునే పద్ధతి ఉందే, అంతకు మించిన ఆర్భాటం అక్కడ లేదు. కిబ్లా వైపు గోడ, ముందు విశాలమైన ఆవరణ, నీడకు చిన్న పంచ. అంతే. తర్వాత సుమారు ఎనభై అయిదేళ్ళకు, ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో, 707 ప్రాంతంలో తిరిగి కట్టినప్పుడు గోడలో గూడులా ఉండే మెహ్రాబ్, నాలుగు మూలలా మినార్లు వచ్చాయి.

ఆ తర్వాత ఇస్లాం ఎక్కడికి వెళ్తే అక్కడి పనితనాన్ని మసీదు కలుపుకుంది. బెంగాల్లో వానకోసం వంపు తిరిగిన చూరు వచ్చింది. కేరళలో పెంకుల వాలుకప్పు మసీదులు వచ్చాయి. తెలుగునాట చూడాలంటే హైదరాబాదు బేగంపేటలోని స్పానిష్ మసీదు ఉంది. పైగా వంశానికి చెందిన వికార్-ఉల్-ఉమ్రా స్పెయిన్ యాత్ర నుంచి వచ్చి తలపెట్టిన ఆ మసీదు 1906లో పూర్తయింది. దానికి గుండ్రని గుమ్మటాల బదులు మొనదేలిన శిఖరాలుంటాయి. దూరంనుంచి చూసినవాళ్ళు చర్చి అనుకుంటారు. లోపల నమాజు మాత్రం ఎప్పటి నమాజే!

దీన్నిబట్టి మాకు అర్థమైంది ఏమిటంటే, కిబ్లా, శుభ్రత, వరుస తప్పకుండా నిలబడే చోటు, ఖుత్బా వినిపించే ఏర్పాటు, ఇవి మూలం. కమాను, గుమ్మటం, మినారు మన పూర్వులు ప్రేమతో తొడిగిన నగలు. నగలను తీసి పారేయమని మేము అనం. కాని నగలకోసం ఒంటిని కష్టపెట్టకూడదు.

మేస్త్రీ నోటి మాటలు

ఒక చిన్న ముచ్చట. మీ ఊళ్ళో ఏ తాపీ మేస్త్రీనైనా, ఆయన ఏ మతంవాడైనా సరే, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించండి. "కమాను తిప్పాలండీ", "గచ్చు చేయించండి", "జాలీ పెడదాం", "ఆ బురుజు దగ్గర", "గుమ్మటం" అంటాడు. కమాన్, గచ్, జాలీ, బుర్జ్, గుంబద్, ఇవన్నీ అరబ్బీ పారశీక ఉర్దూ మాటలు. తెలుగు నాలుక మీద పడి తెలుగు మాటలైపోయాయి. అవి తమవి కావని మేస్త్రీకి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కులమతాల గోడల కంటే పనివాళ్ళ మాట ఎప్పుడూ పల్చన.

ఇప్పుడు గచ్చు అంటే సిమెంటు నేల అనుకుంటున్నాం గాని, అసలు గచ్చు సున్నంది. సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి, పూతపూసి రోజుల తరబడి నున్నగా రుద్దేవారు. చార్మినారు (1591) మీద పువ్వులూ లతలూ ఈ సున్నపు పనే. ఈ సున్నానికి ఒక గుణం ఉంది. అది ఊపిరి పీలుస్తుంది. గోడలోకి చెమ్మ వస్తే బయటికి వదిలేస్తుంది. అటువంటి పాత గోడ మీద మనం మంచి చేస్తున్నామనుకుని సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, గోడ లోపలినుంచి పిండి రాలిపోతుంది. ఎన్నో పాత మసీదులు పాడవుతున్నది వయసు వల్ల కాదు, ఈ మరమ్మతుల వల్ల.

కొత్తను కలుపుకున్న హైదరాబాదు

సంప్రదాయాన్ని కొత్త అవసరాలతో కలపడం మన రాష్ట్రాల్లో కొత్త సంగతి కాదు. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాదును ముంచేసిన తర్వాత నగరాన్ని తిరిగి కట్టుకునే పని మొదలైంది. మూసీకి అటూ ఇటూ కనిపించే హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆ కాలపు కట్టడాలు. వాటి రూపకల్పనలో విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు పాలుపంచుకున్నాడు. పైన గుమ్మటాలు, కమానులు. లోపల కోర్టు హాళ్ళు, రోగుల వార్డులు. ఆ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ వచ్చింది. బెల్జియం దేశస్థుడు జాస్పర్ దానికి రూపం ఇచ్చాడు, 1939లో ప్రారంభమైంది. ఇస్లామీ కమాను కింద అజంతా ఎల్లోరాలను తలపించే స్తంభాలు నిలబడితే ఎంత హుందాగా ఉంటుందో చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

మరి మన దగ్గర? రాజమండ్రిలో గోదావరి మీద 1997లో పూర్తయిన రైలు వంతెనను చూడండి. 28 ఖానాలు, ఒక్కొక్కటి వంద మీటర్లకు కాస్త తక్కువ. పైన కాంక్రీటు విల్లులు. పాతకాలపు కమాను బరువును కిందికి నొక్కి పట్టుకునేది. ఈ కొత్త విల్లు పట్టాల తలాన్ని కిందినుంచి తాళ్ళలా వేలాడదీసుకుని మోస్తుంది. రూపం ఒకటే, పని చేసే తీరు మారింది. పాతను కొత్తతో కలపడమంటే ఇలా ఉండాలి. బొమ్మను కాపీ చేయడం కాదు.

డెల్టా నేల, డెల్టా గాలి

కొన్నేళ్ళ కిందట మేము కొందరం కాలువ గట్టునున్న ఒక పల్లెకు వెళ్ళాం. పెంకుల మసీదును తీసేసి శ్లాబు వేసుకున్నారు. గల్ఫులో పనిచేసే పిల్లలు పంపిన డబ్బు, ఇక్కడి ఆడవాళ్ళు కూడేసుకున్న రూపాయి రూపాయి దాంట్లో ఉన్నాయి. ఎక్కడిదో ఫొటో చూసి, అచ్చం అలాగే గుమ్మటం, నాలుగు మినార్లు కట్టించుకున్నారు. రెండో వానాకాలానికే గుమ్మటం శ్లాబుతో కలిసే చోట చెమ్మ దిగింది. ఒక మినారు మొదట్లో నెర్రె వచ్చింది. మేము వెళ్ళింది మే నెల. జొహర్ వేళకు శ్లాబు కింద నిలబడలేక ముసలివాళ్ళు బయట వేపచెట్టు నీడలో చాపలు పరుచుకున్నారు. "పెంకుల మసీదులో ఈ బాధ లేదు బాబూ" అని ఒక ముసలాయన అన్నమాట మాకు ఇప్పటికీ గుర్తుంది.

తప్పు ఆ పల్లెవాళ్ళది కాదు. నక్షా గీసినవారు ఫొటోను చూశారు గాని నేలను చూడలేదు. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. బరువైన హాలూ, సన్నటి మినారూ ఒకే తరహా పునాది మీద నిలిస్తే ఒకటి ఒకలా, రెండోది మరోలా కదులుతాయి. అందుకే మినారుకు విడి పునాది ఉండాలి, రేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్ వెయ్యాలి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఉప్పునీళ్ళతోనో ఉప్పు ఇసుకతోనో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు ఊడతాయి. 1996 నవంబరు తుఫానులో కోనసీమ ఏమైందో చూసినవాళ్ళం. గాలికి ఎదురు నిలిచేదాన్ని కట్టేటప్పుడు లెక్క తప్పకూడదు.

గాలి సంగతి మరొకటి. హైదరాబాదు పొడి ఊరు. అక్కడ మందపాటి గోడ చాలు. మనది ఉక్కపోత. గోడ కంటే గాలి ముఖ్యం. దీనికి మందు మన ఇళ్ళల్లోనే ఉంది. మండువా లోగిళ్ళు చూశారు కదా! ఇంటి నడుమ ఆకాశం కనిపించే చదరం, నాలుగు వైపులా వాలు కప్పు, వేడిగాలి పైకి పోతుంది, వాన నీరు తూము గుండా వెళ్ళిపోతుంది. మసీదు సహన్ కూడా అదే సూత్రం. అరబ్బుల ఆవరణా, గోదావరి మండువా, ఒకరినొకరు ఎరగకుండానే ఒకే ఆలోచన చేసిన అన్నదమ్ములు! కొత్త హాలు మధ్యలో ఆ చదరం వదిలి, చుట్టూ ఇటుక జాలీలు పెట్టి, శ్లాబు మీద పెంకు పరిస్తే ఫ్యాన్ల ఖర్చు తగ్గుతుంది.

మనలాంటి మరో డెల్టాలో

మనలాంటి డెల్టా దేశం బంగ్లాదేశ్. ఢాకా శివార్లలో బైతుర్ రవూఫ్ అనే మసీదు 2012లో పూర్తయింది. నక్షా గీసినది మరీనా తబస్సుమ్ అనే ఆడపడుచు. స్థలం ఇచ్చింది ఆమె అమ్మమ్మ. దానికి గుమ్మటం లేదు, మినారు లేదు. అంతా ఇటుక. గోడల్లో ఖాళీలు వదిలి గాలి రానిచ్చారు. కప్పులో చిన్న చిన్న రంధ్రాలగుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. ముంపు ప్రాంతం కాబట్టి ఎత్తయిన అరుగు మీద కట్టారు. 2016లో దానికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది.

అందులో ఒక కిటుకు మనకూ పనికొస్తుంది. స్థలం వీధిని బట్టి ఒక దిక్కుకు ఉంది, కిబ్లా మరో దిక్కుకు ఉంది. ఆమె ఏం చేసిందంటే, చదరపు కట్టడం లోపల ఒక గుండ్రని గోడ తిప్పి, దాని లోపల నమాజు హాలును కిబ్లావైపు తిప్పింది. మన రాజమండ్రి నుంచి మక్కా నేరుగా పడమర కాదు, పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. వీధి వరసకు గోడలు కట్టి, లోపల సఫ్‌లను ఓరగా గీసుకుని, మూలలన్నీ వృథా చేసుకునే మసీదులు మనకు ఎన్ని లేవు? ముందే ఆలోచిస్తే ఆ మూలల్లోనే వజూ ఖానా, పుస్తకాల గది, ఆడవాళ్ళు ప్రార్థన చేసుకునే చోటు వస్తాయి.

చివరిమాట

మేము ఇంజనీర్లం కాదు. అయినా ఇదంతా చదివి, చూసి, పెద్దల మాటా కుర్రవాళ్ళ మాటా విని మూడు సంగతులు మీ ముందు పెడుతున్నాం. ఒకటి, పాత గచ్చు గోడల హాలును పడగొట్టవద్దు. సిమెంటు గీకించి సున్నంతోనే మరమ్మతు చేయిద్దాం, ఆ పని తెలిసిన చేతులు ఇంకా ఉండగానే. రెండు, దాని పక్కన కొత్త హాలును కాంక్రీటుతోనే కడదాం. రెంటికీ మధ్య సహన్ ఉంచుదాం, మట్టి పరీక్ష చేయించకుండా ఒక్క ఇటుక పెట్టవద్దు. మూడు, గుమ్మటానికి దాచిన డబ్బుతో ముందు నీళ్ళు, నీడ, ఆడవాళ్ళ చోటు చూద్దాం. మిగిలితే గుమ్మటం కూడా కడదాం, మన పెద్దాయన కోరిక తీరుతుంది.

రాజమండ్రి ద్వారం మీద రాయి ఏడు వందల ఏళ్ళు నిలిచింది. మనం కట్టేది డెబ్బై ఏళ్ళయినా నిలవాలి కదా! రేపు మన మనుమలు దానిలో చల్లగా నిలబడి నమాజు చేసుకుంటే, మన పేర్లు గోడ మీద లేకపోయినా ఫరవాలేదు. సభ్యులందరూ దీన్ని చదివి, రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా చెప్పవలసిందిగా కోరుతున్నాం. అల్లాహ్ మన పనిని సఫలం చేయుగాక. ఆమీన్.