నందన కఱవు - కంపెనీ బాధ్యత

నందన సంవత్సరమున (1832-33) గుంటూరు సీమలో పుట్టిన కఱవునకు అనావృష్టిని మాత్రమే కారణముగా జెప్పుట సులభము. జనులు దానిని డొక్కల కఱవనిరి. వానలు కుఱియకపోవుట కంపెనీ దోషము కాదు. కాని జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవఱకు నశించిరని నాటి అంచనా. ఇంతటి నాశమునకు మేఘములనే నిందింపవచ్చునా?

1833లోనే ఆంగ్లేయ పార్లమెంటు కంపెనీ వర్తకమును మాన్పించి, వాటాదారులకు సాలుకు నూటికి పదిన్నర చొప్పున లాభము ఇండియా రెవెన్యూనుండి చెల్లవలెనని శాసించెను. వర్తకము పోయెను, వర్తకుని లాభము నిలిచెను. ఈ శాసనమే కఱవునకు హేతువని నా యభిప్రాయము కాదు. వానలు కుఱిసినను మానినను ఎవరి రాబడికి పూచీ గలదో, ఎవరి ప్రాణమునకు లేదో అది తేటపఱచుచున్నది. దోషము వర్తకులదా, శాసనకర్తలదా యన్నచో ఇరువురను వేఱుచేయుట కష్టము. పార్లమెంటు సభ్యులలోనే వాటాదారులుండిరి గదా! పేష్కషు బాకీలలో మునిగి రైతును పీడించిన జమీందారులనును మఱువరాదు.

ఆ కంపెనీయే 1852 నాటికి ధవళేశ్వరమున, 1855 నాటికి బెజవాడయందు ఆనకట్టలు గట్టించెను. దీనిని జూపి కంపెనీని నిర్దోషి యనువారు గలరు. అయితే కాటన్ దొర ఆనకట్టకు అనుమతి కోరునప్పుడు, రెవెన్యూ ఎంత పెరుగునో కూడ లెక్కగట్టి చూపవలసి వచ్చెను.