రక్తహీనత

రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గిన స్థితి రక్తహీనత. ఆయుర్వేదంలో దీని పేరు పాండురోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 (రెండో త్రైమాసికంలో 10.5) గ్రాముల లోపుంటే రక్తహీనత ఉన్నట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది.

నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కంటి కింది రెప్ప లోపల పాలిపోవడం ఏ రకంలోనైనా ఉంటాయి. రకం తేలాలంటే రక్తపరీక్షే దిక్కు. సీబీపీ అనే ఆ పరీక్ష రిపోర్టు చేతికొస్తే చాలామంది హిమోగ్లోబిన్ అంకె చూసి మడిచేస్తారు. అసలు ఆచూకీ దాని కింద ఎంసీవీలో, అంటే ఎర్రకణం సగటు పరిమాణంలో ఉంటుంది. పెద్దవాళ్లలో అది 80–100 ఫెమ్టోలీటర్లు.

కణాలు చిన్నవైతే ముందు అనుమానించేది ఇనుము లోపాన్ని. నెలసరిలో అధిక రక్తస్రావం, వెంటవెంటనే కాన్పులు, మొలలు, కొంకిపురుగులు దీనికి కారణాలు. గోళ్లు చెంచాల్లా గుంటపడతాయి. పచ్చిబియ్యం, బలపాలు, మట్టి తినబుద్ధవుతుంది. ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పడిపోతుంది. జన్యుపరంగా వచ్చే తలసీమియా మైనర్‌లోనూ కణాలు చిన్నవే. కానీ వాటి సంఖ్య తగ్గదు, తరచూ పెరుగుతుంది. ఫెరిటిన్ మామూలుగా ఉంటుంది, హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఇనుము లోపం కూడా తోడైతే తప్ప వీరికి ఐరన్ మాత్రలతో పనిలేదు.

కణాలు పెద్దవైతే బీ12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపం కావచ్చు. అప్పుడు న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల కేంద్రకాలు ఐదారు తమ్మెలుగా చీలి కనిపిస్తాయి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే బీ12 లోపానికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే చిక్కే: హిమోగ్లోబిన్ పెరుగుతుంది, అరికాళ్ల తిమ్మిర్లతో మొదలైన నరాల నష్టం మాత్రం లోలోపల ముదురుతుంది.

పరిమాణం మామూలుగానే ఉంటే మూత్రపిండాల జబ్బు, దీర్ఘకాలిక వాపు వంటివి వెతకాలి. మన్యం గిరిజనుల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధి కూడా తరచూ ఇలాగే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది; ఎముకలు విరిగినంత నొప్పి. కణాలు త్వరగా చితికిపోతాయి గనుక ఎముక మజ్జ లేతకణాలను, అంటే రెటిక్యులోసైట్లను, ఎక్కువగా వదులుతుంది. మజ్జే చచ్చుబడిన ఎప్లాస్టిక్ అనీమియాలో ఈ లేతకణాలు బాగా తగ్గుతాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లూ పడిపోతాయి.