కొమ్ము దగ్గర తెగిన పేర్లు

పోయినవి పుస్తకాలు కావు. వాటి గురించి ఒక మనిషి ఏళ్ల తరబడి తెలుగులో రాసుకుంటూ వచ్చిన మాటలు పోయాయి. ఇంటర్నెట్‌లో తెలుగు పుస్తకాలు అమ్మే చిన్న అంగడి అది. ఒక్కో పుస్తకం కింద నాలుగైదు వాక్యాలు ఆయనే స్వయంగా రాసేవారు. ఎన్నో ముద్రణ, అట్ట మీద బొమ్మ ఎవరిది, కట్టు ఎక్కడ వదులైంది, పాత ప్రతి అయితే లోపలి పేజీలో ఎవరి సంతకం ఉంది, ఏ వయసువాళ్లు చదివితే మనసుకు పడుతుంది... ఆ మాటలకు నకలు మరెక్కడా లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసిన రాత్రి మొదలై, కొద్ది వారాల్లో అవన్నీ అంతరించాయి.

ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కేది ఒక్క విషయానికే. మొదటి రాత్రి ఒక్క అక్షరం కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. కాపాడబోయిన చేతుల్లోనే పోయాయి.

ఓఎస్‌కామర్స్ అనే వెబ్ అంగడి సాఫ్ట్‌వేర్ 2000లో మొదలైంది. దాన్నుంచి చీలి 2003లో జెన్‌కార్ట్ వచ్చింది. చేతిలో పెద్ద పెట్టుబడి లేనివాళ్లు కూడా సొంతంగా వెబ్ అంగడి తెరవగలిగిన కాలం అది. ఈ అంగడీ ఆ కాలంలో పుట్టిందే. వెనక ఉన్న డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. స్వీడన్‌లో పుట్టిన ఆ డేటాబేస్, ఎవరూ ఏమీ చెప్పకపోతే, లోపలికి వచ్చేదంతా లాటిన్1 అనే పశ్చిమ యూరప్ లిపి అనే అనుకునేది. 2018లో 8.0 వచ్చేదాకా దాని అలవాటు అదే. వెబ్ పేజీ మాత్రం యూటీఎఫ్-8లో మాట్లాడేది. ఆ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. పేజీ ఆ మూడు బైట్లను పంపేది, డేటాబేస్ వాటిని మూడు లాటిన్ అక్షరాలుగా భావించి దాచుకునేది, అడిగినప్పుడు ఆ మూడింటినీ అలాగే తిరిగి ఇచ్చేది. పేజీ మీద ‘త’ ‘త’గానే వెలిగేది. లోపల తప్పు ఉంది. కానీ రాసేటప్పుడూ అదే తప్పు, చదివేటప్పుడూ అదే తప్పు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి పట్టుకుని అన్నేళ్లు అంగడిని నిలబెట్టాయి.

2015 డిసెంబరులో, ఈ అంగళ్ల సాఫ్ట్‌వేర్ రాసిన భాషకు కొత్త రూపం, పీహెచ్‌పీ 7 వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను అందులోంచి పూర్తిగా తీసేశారు. వాటి మీదే బతికిన పాత అంగళ్లకు ఇక మారక తప్పని పరిస్థితి. హోస్టింగ్ వాళ్ల నుంచి నోటీసు వచ్చింది. మేనల్లుడు ఒక శనివారం రాత్రి కూర్చుని అంగడి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాడు. కొత్త వెర్షన్ నిజాయితీ గలది. డేటాబేస్‌తో కలిసిన మరుక్షణమే ‘నాది యూటీఎఫ్-8’ అని చెప్పింది. డేటాబేస్ కూడా అంతే నిజాయితీగా, తన దగ్గర లాటిన్ అనుకున్న ప్రతి అక్షరాన్నీ యూటీఎఫ్-8లోకి మార్చి ఇచ్చింది. తెర మీద తెలుగు మాయమైంది. ప్రతి గుర్తుకూ ముందు, నెత్తిన ఏటవాలు గీతతో ఒక ఇంగ్లిషు చిన్న ‘ఎ’. హల్లుల్లో దాని పక్కన డిగ్రీ గుర్తు. కొమ్ములూ ఏత్వాలూ పొల్లులూ ఉన్నచోట ప్లస్-మైనస్ గుర్తు. పేజీ నిండా అవే.

“మావయ్యా, అక్షరాలన్నీ పాడైపోయాయి” అన్నాడు కుర్రాడు.

పాడైపోలేదు నాయనా. ఆ ఒక్క మాట అక్కడ చెప్పే మనిషి ఉంటే ఎంత బాగుండేది! హెక్స్ అనే ఫంక్షన్‌తో ఒక్క పేరును అడిగి చూస్తే చాలు, ఈ0 బీ0, ఈ0 బీ1 అంటూ మూడేసి బైట్లు క్షేమంగా బారులు తీరి కనిపించేవి. సెట్టింగుల ఫైల్లో కనెక్షన్‌ను తిరిగి లాటిన్1 అని రాస్తే, తెల్లారేసరికి అంగడి ఎప్పటిలా నవ్వేది. ఆ తర్వాత తీరిగ్గా ఒక నకలు తీసి, ఆ కాలమ్‌లను ముందు బ్లాబ్‌గా, అంటే లోపల ఏ లిపి ఉందో అడగని రకంగా మార్చి, అక్కణ్నుంచి యూటీఎఫ్-8కు తెచ్చుకుంటే సరిపోయేది. ఆ దారిలో బైట్లు కదలవు, వాటి మీది చీటీ ఒక్కటే మారుతుంది.

అంగడిని కాసేపు మూసి ఉంచినా బాగుండేది. మూయలేదు. మర్నాడు పొద్దున్నే పెద్దాయన, కుర్రాడికి శ్రమ తగ్గిద్దామని, తనకు బాగా ఇష్టమైన పుస్తకాల పేర్లూ పరిచయాలూ మళ్లీ స్వయంగా టైపు చేయడం మొదలుపెట్టారు. ఆ పిచ్చి అక్షరాలు చెరిపి, శుద్ధమైన తెలుగు రాసి, సేవ్ నొక్కారు. కొత్త కనెక్షన్ మీదుగా వచ్చిన అసలైన తెలుగును పాత లాటిన్ గడిలో పట్టించడం డేటాబేస్‌కు చేతకాలేదు. పట్టని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పెట్టింది. అడుగున ఉన్న పాత బైట్లూ అప్పుడే చెరిగిపోయాయి. ప్రశ్నార్థకం వెనక ఇంకేమీ దాగి ఉండదు. అది ‘క’ అయినా ‘మ’ అయినా మిగిలేది అదే గుర్తు. ఆయన ఎంతో ప్రేమించి ముందుగా ఎంచుకున్నవే ముందుగా పోయాయి.

దాంతో కంగారు పెరిగింది. కుర్రాడు టేబుళ్లన్నిటినీ యూటీఎఫ్-8కు కన్వర్ట్ చేయమని ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు. సరైన డేటాకు అది సరైన ఆజ్ఞే. ఇక్కడ మాత్రం తెర మీది పిచ్చి అక్షరాలే అసలు అక్షరాలుగా డేటాబేస్‌లో స్థిరపడ్డాయి. ఆ పైన చేర్చిన కొత్త పుస్తకాలు చక్కగా తెలుగులో కనిపించాయి, పాతవి కనిపించలేదు. అప్పటికీ దారి మూసుకుపోలేదు. మైఎస్‌క్యూఎల్‌నే అడిగి, పాత వరసలను మాత్రం లాటిన్1కూ, అక్కణ్నుంచి బైనరీకీ, తిరిగి యూటీఎఫ్-8కూ నడిపించి ఉంటే ప్రశ్నార్థకాలైనవి తప్ప అన్నీ లేచి వచ్చేవి.

కుర్రాడు అందుకు బదులు డేటా మొత్తాన్ని ఫైలుగా దించుకుని, ఐకాన్వ్ అనే పనిముట్టుతో లాటిన్1 లాంటి విండోస్-1252 అనే అక్షరాల పట్టికకు తిప్పాడు. ఆ పట్టికలో ఐదు గళ్లు ఖాళీ. మైఎస్‌క్యూఎల్ తన లాటిన్1లో ఆ ఐదింటినీ నింపి ఉంచింది, ఐకాన్వ్ ఉంచలేదు. ఆ ఐదింటిలో ఒకటి తెలుగు కొమ్ముకు చివరి బైటు, ఇంకొకటి పొల్లుకు. ఎన్ని తెలుగు మాటలు కొమ్ముతో ముగుస్తాయో, పొల్లు లేనిదే ఒక్క ఒత్తు కూడా ఎలా నిలవదో తెలుగు చదివేవాళ్లకు చెప్పాలా? ఐకాన్వ్ మొదటి కొమ్ము దగ్గరే ఆగిపోయి, తప్పు ఉందని చెప్పింది. అదే ఆఖరి హెచ్చరిక. అతను మార్చలేనివి వదిలేయమని చెప్పి ముందుకు నడిపించాడు.

ఆ ఫైలును అసలు డేటా మీదే తిరిగి ఎక్కించారు. అలాంటి ఫైళ్లు తలలోనే మైఎస్‌క్యూఎల్ కఠిన తనిఖీని ఆపేసి వస్తాయి. అందుకే డేటాబేస్ అభ్యంతరం చెప్పకుండా, చెడ్డ బైటు తగిలిన చోటల్లా అక్కడికి కోసేసి మిగతాది పారేసింది. ‘చివరకు మిగిలేది’ ‘చివరక’ అయింది. ‘కన్యాశుల్కం’ ‘కన’ దగ్గర తెగింది. ‘వేయిపడగలు’ చివరి కొమ్ము పోగొట్టుకుంది. ‘మైదానం’లో కొమ్మూ లేదు, పొల్లూ లేదు, అది ఒక్కటీ నిండుగా మిగిలింది. మధ్యలో సరైన తెలుగులో చేర్చిన కొత్త పుస్తకాల పేర్లయితే పూర్తిగా ఖాళీ. ఇక పరిచయాలు మొదటి వాక్యం రెండో మాట కూడా దాటలేదు. హోస్టింగ్ వాళ్ల దగ్గర పాత బ్యాకప్ కోసం అడిగారు. వాళ్లు కొన్నాళ్లకొకసారి పాతవి చెరిపి కొత్తవి దాస్తారు. అప్పటికి గడువు దాటింది.

పెద్దాయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. పాత కొనుగోలుదారులకు ఉత్తరాలు రాశారు, ‘మీ దగ్గర మా ఆర్డరు మెయిళ్లు ఉంటే దయచేసి పంపండి’ అని. ఎక్కడెక్కడి నుంచో పంపారు జనం. వాటిలో పేర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి, జాబితా చాలావరకు మళ్లీ నిలబడింది. కానీ ఆర్డరు మెయిల్లో పేరు, ధర, ఎన్ని ప్రతులు అనే వివరాలే ఉంటాయి, పరిచయం ఉండదు. చేతిలో ఉన్న పుస్తకాలకు ఆయన మళ్లీ కొత్తగా రాశారు. అమ్ముడైపోయిన పాత ప్రతుల గురించి, లోపలి పేజీలో ఎవరెవరి సంతకాలున్నాయో రాసినవి మళ్లీ రాయడానికి, ఆ ప్రతులు ఆయన దగ్గర లేవు.