సిగ్గు ఎవరిది?

గోదారికి ఇవతల మా బూర్గంపాడు, అవతల భద్రాచలం. 1948 దాకా ఇది నిజాం తాలూకా, అది మద్రాసు వాళ్ల తూర్పుగోదావరి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం అందులో కలిసింది. నేల మీద సరిహద్దు పోయింది. మా మీద గీసిన గీత మాత్రం మిగిలింది.

బడిలో రామదాసు పాఠం వచ్చిన రోజు మేం మరువలేదు. తానీషా గోపన్నను గోల్కొండ చెరలో వేశాడనగానే క్లాసంతా మా వంక తిరిగేది. మేము తల దించుకునేవాళ్లం. మేమేం చేశామని? ఆ తానీషాకు అక్కన్న మాదన్నలు మంత్రులనీ, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి ఆయన్నే దౌలతాబాదు కోటలో బంధించాడనీ, అక్కడే ఆయన చనిపోయాడనీ అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

బస్సులో అమ్మీ ఉర్దూలో పిలిస్తే పలికేవాళ్లం కాదు. పెద్దయ్యాక ఉర్దూ పేపరును తెలుగు పేపరులో దాచుకున్నాం. అద్దె ఇంటి కోసం పోయినప్పుడు పేరు మెల్లగా చెప్పాం. తిట్టినవాడు హాయిగా నిద్రపోయాడు. తిట్టు పడ్డ మేము రాత్రంతా మాలోనే తప్పు వెతుక్కున్నాం.

ఎందుకిలా? అవమానం నలుగురి నవ్వుతో వస్తుంది. ఆ నలుగురూ దోస్తులే అయినప్పుడు, వాళ్లంతా తప్పు, నేనొక్కణ్ణే ఒప్పు అనుకునే ధైర్యం పసివాడికి ఎక్కడిది? వాళ్ల కళ్లతోనే తనను చూసుకుంటాడు. అమెరికా నల్లవారి గురించి డుబోయిస్ 1903లోనే ఈ మాట చెప్పాడు. తర్వాత క్లార్క్ దంపతులు నల్లపిల్లల ముందు నల్లబొమ్మ, తెల్లబొమ్మ పెడితే, ఎక్కువమంది తెల్లదే మంచిదన్నారు. మా పక్క గూడెం కోయపిల్లవాడు కూడా సంతలో తన కులం పేరే తిట్టుగా వినపడితే తల దించుకునేవాడు.

మాకు తగిలించిన తిట్టు రజాకార్. రజాకార్లు దుర్మార్గాలు చేశారు, దాచం. కానీ 1948 ఆగస్టులో వాళ్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? నిజాంను ఎదిరించిన మఖ్దూం ఎవరు? దేశ్‌ముఖ్ దౌర్జన్యం మీద కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ఎవరు? వీళ్లు చేసిన మంచి మా ఖాతాలో పడలేదు, వాళ్ల పాపం మాత్రం అందరి ఖాతాలో పడింది.

ఆ సెప్టెంబరు పోలీసు చర్యలో, ఆ తర్వాతి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. బయటికి ఏడ్వలేని దుఃఖం ఇంట్లో సిగ్గుగా మారింది. మా దాదాలు పిల్లలకు ఏమీ చెప్పలేదు. వాళ్లు భయంతో నోరు మూసుకుంటే, మనం చెప్పుకోదగినవాళ్లం కాదేమోనని మేము అనుకున్నాం. చరిత్ర తెలియకపోతే సిగ్గు ఇట్లా వారసత్వంగా వస్తుంది.

రబీ, దరఖాస్తు, హక్కు. మేము సిగ్గుపడ్డ భాష ప్రతి రైతు నోట్లోనూ ఉంది. అందుకే మా పిల్లలకు అన్నీ చెబుతున్నాం, రజాకార్ల సంగతి, బందగీ సంగతి కూడా. తప్పు చేయనివాడు తల దించుకోనక్కరలేదు. సిగ్గుపడాల్సింది నవ్వినవాళ్లు.