ఒకే తొట్టిలో మధ్య అమెరికా

పోయిన వేసవిలో మా హాల్లో ఓ హత్య జరిగింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్వేరియం దగ్గరకెళ్తే, ఫైర్‌మౌత్ మగచేప ఫిల్టరు పైపు వెనక నక్కి ఉంది. రెక్కలన్నీ చీలికలు పేలికలు. మధ్యాహ్నానికి పోయింది. హంతకుల కోసం వెతకక్కర్లేదు. మూలనున్న రాతిమీద గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తున్న కాన్విక్ట్ జంటే. ఒంటిమీది నల్లచారలు జైలుబట్టల్లా ఉంటాయని దానికా పేరు. పట్టుమని నాలుగంగుళాలు లేదు!

తప్పు మాత్రం నాదే. మధ్య అమెరికా సిక్లిడ్‌లన్నీ ఒక తాను గుడ్డలే కదా అనుకున్నాను. అన్నిటికీ క్షారగుణం ఉన్న గట్టి నీళ్ళే కావాలి, మా హైదరాబాదు బోరునీళ్ళు బ్రహ్మాండంగా సరిపోతాయి. వేడి 26 డిగ్రీలు, మేత కూడా ఒకటే. ఇంకేం, 280 లీటర్ల తొట్టిలో ఫైర్‌మౌత్‌లు, కాన్విక్ట్‌లు, ఓ చిన్న మైడాస్ పిల్లనీ కలిపేశాను. ఫైర్‌మౌత్‌ది యూకటాన్ వైపు, అంటే మెక్సికో, బెలీజ్, గ్వాటెమాలా. మైడాస్‌ది నికరాగువా, కోస్టారికా. సొంత ఊళ్ళో అవి ఒకదాని మొహం ఒకటి ఎరగవు. ఫైర్‌మౌత్ కోపమొస్తే గొంతు ఎర్రగా ఉబ్బించి, మొప్పలు విప్పార్చి భయపెడుతుంది. అంతకుమించి దాని దగ్గరేం లేదు. మా కాన్విక్ట్‌లు ఆ బెదిరింపుని చూసి కూడా చూడనట్టు మీదపడ్డాయి.

'అన్నీ ఒకటే' అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు లెండి. మహామహులే అలా అనుకున్నారు. 1860ల్లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఆల్బర్ట్ గుంథర్ అనే ఆయన, మధ్య అమెరికా నుంచి సీసాల్లో వచ్చిన చేపలకి వరసగా పేర్లు పెట్టాడు. మైడాస్‌కి 1864లో, కాన్విక్ట్‌కి 1867లో. ఆ సీసాలు పంపినవాళ్ళలో కెప్టెన్ జాన్ డౌ అని ఓ స్టీమరు కెప్టెన్ కూడా ఉన్నాడు. ఆయన పేరుమీదే 'డోవీ' అని ఓ పెద్ద వేట సిక్లిడ్ ఉంది. ఆ తర్వాత 1905 ప్రాంతంలో టేట్ రీగన్ వచ్చి, ఈ చేపల్లో చాలావాటిని 'సిక్లసోమా' అనే ఒక్క ప్రజాతిలోకి తోసేశాడు. మనం డెస్క్‌టాప్ మీద 'ఇతరములు' అని ఓ ఫోల్డరు పెట్టి అన్నీ అందులో కుక్కుతామే, అచ్చం అలాగే. ఆ ఫోల్డరు డెబ్భై ఎనభై ఏళ్ళు నడిచింది.

1983లో స్వెన్ కులాండర్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దాన్ని సర్దాడు. సిక్లసోమా అనే పేరు దక్షిణ అమెరికాలోని ఓ పన్నెండు జాతులకి మాత్రమే చెల్లుతుందన్నాడు. దాంతో మధ్య అమెరికావన్నీ ఒక్క దెబ్బకి ఇంటిపేరు లేనివైపోయాయి. చాలా ఏళ్ళు పుస్తకాల్లో ఆ పేరుని కోట్స్‌లో పెట్టి రాసేవాళ్ళు, 'అదే, ఒకప్పుడు ఫలానా' అన్నట్టు. మనకి చిరంజీవి 'ఖైదీ' వచ్చిందీ ఆ ఏడే, ఈ ఖైదీ చేపకి ఇంటిపేరు పోయిందీ ఆ ఏడే :) దానికి ఇప్పటి ఇంటిపేరు, అమటిట్లానియా, 2007లో గానీ రాలేదు.

సరే, పేర్ల గొడవ పక్కన పెడదాం. నన్ను నిజంగా కుదిపింది ఇంకోటి. మనాగువా నగరం పక్కనే హిలోవా అని ఓ సరస్సుంది. ఒకప్పటి అగ్నిపర్వతపు గుంట, నీళ్ళతో నిండింది. కెన్నెత్ మెకే అనే పరిశోధకుడు అక్కడ నీళ్ళలోకి దిగి చూసి, 1977లో ఓ పేపర్ రాశాడు. ఇందాక చెప్పిన డోవీ లేదూ, మిగతా చేపల్ని మింగేసే రకం, దాని పిల్లల్ని నాచు తినే ఓ చిన్న చేప కాపలా కాస్తోందట! దాని పేరు నికరాగ్వెన్సే. చుట్టరికం లేదు, జాతి కూడా ఒకటి కాదు. మరి దానికేం పని? మెకే చెప్పిన లెక్క ఇదీ: గుడ్లు పెట్టుకునే బొరియల కోసం నికరాగ్వెన్సేతో పోటీపడే ఇంకో సిక్లిడ్ ఉంది, నీట్రోప్లస్ అని. డోవీ పెద్దదయ్యాక ఆ నీట్రోప్లస్‌ని తింటుంది. అంటే శత్రువుకి శత్రువు పిల్లల్ని పెంచడమన్నమాట. మన ఊరి రాజకీయాలు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేం కనపడదనుకోండి.

నేనీ సంగతి చదివింది ఫైర్‌మౌత్ పోయిన వారానికి. జాతులన్నీ కలిసి బతకడం వాటికి చేతకాక కాదు. ఆ సరస్సులో ఎవరి బొరియ ఎక్కడో, ఎవరు ఎవర్ని తింటారో, ఓడినవాడు ఎటు పారిపోవాలో వేల ఏళ్ళుగా కుదురుకుని ఉంది. నా నాలుగడుగుల తొట్టిలో పారిపోవడానికి ఉన్నది ఫిల్టరు పైపు వెనక జానెడు జాగా.

బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా చేసిన జార్జ్ బార్లో మైడాస్‌ల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. అవన్నీ బూడిదరంగుతోనే పుడతాయి, పెద్దయ్యాక కొన్ని మాత్రం బంగారురంగుకి తిరుగుతాయి. ఒకే సైజు పిల్లల్లో బంగారురంగుది బూడిదరంగుదాన్ని అణిచేస్తుందని 1970ల్లో ఆయన తేల్చాడు. ఒకే జాతిలో ఒట్టి రంగుతోనే ఇంత తేడా వస్తే, నేను మూడు జాతుల్ని కలిపి 'సర్దుకుపోతాయిలే' అనుకున్నాను!

ఈ కలిపే పిచ్చి నాతో మొదలవలేదు, నాతో ఆగలేదు కూడా. 1990ల్లో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లని అడ్డదిడ్డంగా సంకరం చేసి 'ఫ్లవర్‌హార్న్' తయారుచేశారు. నుదుటిమీద పెద్ద బుడిపె. అదృష్టం తెస్తుందని 2000 తర్వాత ఆగ్నేయాసియా అంతా ఎగబడ్డారు. మోజు తీరాక చాలామంది వాటిని చెరువుల్లో, జలాశయాల్లో వదిలేశారు. దానికి సొంత నది లేదు, సరస్సు లేదు, శాస్త్రీయనామమూ లేదు. మన దగ్గర మాత్రం 'వాస్తు ఫిష్' అని బిరుదిచ్చి అమ్ముతున్నారు.

మా పైఫ్లోర్ అంకుల్ దగ్గర అలాంటిదొకటుండేది. కొడుకు దగ్గరికి ఆర్నెల్లకి అమెరికా వెళ్తూ, "బాబూ, నువ్వు చేపలు పెంచుతావు కదా, దీన్ని నీ తొట్టిలో వేసుకుంటావా? లేదంటే రేపు పొద్దున వాకింగ్‌కి వెళ్ళేటప్పుడు చెరువులో వదిలేస్తాను. పాపం, మనకెందుకు?" అన్నారు. ఆయన దృష్టిలో అది పుణ్యం. ఆ చెరువులోని పరకలు, కొర్రమీను పిల్లల సంగతి ఆయనకెలా చెప్పాలో అర్థం కాలేదు.

"వద్దంకుల్, చెరువులో వెయ్యకండి, నేనే ఉంచుకుంటాను" అన్నాను. నా తొట్టిలో వేస్తే సాయంత్రానికి మిగిలేది అదొక్కటే. అందుకని ఇంకో తొట్టి కొన్నాను. ఇప్పుడు రాత్రిళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చుంటే పక్కన అదొక్కటే అద్దానికి మొహం ఆనించి నన్నే చూస్తుంటుంది. అంకుల్ ఆర్నెల్లు అయిపోయి రెండు నెలలైంది, ఆయన తిరిగొచ్చారు కూడా. చేప ఊసెత్తట్లేదు. రెండో తొట్టి ఖరీదు ఎంతో మా ఆవిడకి నేనూ చెప్పలేదు.